డబ్బుకు కాలువ తవ్విన డాక్టరు

మన సంఘం సమావేశాలకు వచ్చే తమ్ముళ్లలో ఈమధ్య ఉద్యోగం గురించి అడిగేవాళ్లకన్నా ఏ వ్యాపారం పెడితే బాగుంటుందని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నేను ఇంజనీరుని, వ్యాపారిని కాను. అయినా వాళ్లకు చెప్పదగ్గ జీవితం ఒకటి మన కృష్ణా జిల్లాలోనే ఉంది. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారిని మనం స్వాతంత్ర్య సమరయోధుడిగా, కాంగ్రెస్ చరిత్ర రాసిన పండితుడిగా, 1939 కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాస్ చంద్రబోస్ చేతిలో ఓడిన అభ్యర్థిగా చదువుకున్నాం. ఊళ్లో అందరికీ తెలిసిన ఇబ్బందిలోంచి ఒక బ్యాంకును పుట్టించిన మనిషిగా మాత్రం పెద్దగా చదువుకోలేదు.

ఆయన 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇల్లు గడవడమే కష్టమైన పరిస్థితుల్లో ఏలూరులో మొదలైన చదువు మద్రాసు క్రిస్టియన్ కళాశాల దాకా, ఆపైన వైద్య పట్టా దాకా సాగింది. తిరిగి వచ్చి బందరులో ప్రాక్టీసు పెట్టారు. పేరూ రాబడీ రెండూ వచ్చాయి. వైద్యుడి దగ్గరికి జనం రోగంతోపాటు ఇంటి సంగతులు కూడా మోసుకొస్తారు. డెల్టా పల్లెల్లో ఆ రోజుల్లో ఇంటింటి సంగతీ ఒకటే, అప్పు.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువలు వచ్చాయి, మెరక చేలు మాగాణులయ్యాయి. వరి పండించాలంటే తొలకరిలోనే విత్తనానికి, దుక్కికి, నాట్లకు రొక్కం కావాలి. పంట చేతికొచ్చేది సంక్రాంతి ముందు. ఈ ఆరు నెలల ఎడం దాటడానికి రైతు షావుకారుకు ప్రోనోటు రాసిచ్చేవాడు. వడ్డీకి తోడు కొన్నిచోట్ల కళ్లంలోనే ధాన్యం ఇచ్చెయ్యాలన్న షరతు కూడా ఉండేది. అదే డెల్టాలో, పంట అమ్ముకున్న పెద్ద రైతు దగ్గర మిగులు సొమ్ము ఇనప్పెట్టెలోనో బంగారంలోనో ఊరికే పడి ఉండేది. అంటే డబ్బు లేకపోవడం కాదు సమస్య. ఉన్నచోటి నుంచి కావలసిన చోటికి, కావలసిన నెలలో చేరే దారి లేకపోవడం. నీళ్ల విషయంలో ఆనకట్ట చేసిన పని డబ్బు విషయంలో చేసేవాళ్లు లేరు.

పట్టాభిగారు పట్టుకున్నది ఈ సంగతినే. సహకార సంఘాల చట్టం 1904లో వచ్చింది. ఊళ్లో పదిమంది ఒకరికొకరు పూచీపడి సంఘంగా ఏర్పడితే అప్పు పుట్టే ఏర్పాటు అది. కానీ చిన్న సంఘానికి పెట్టుబడి ఎక్కడిది? ఆ సంఘాలకు అప్పిచ్చే కేంద్ర బ్యాంకులకు 1912 నాటి చట్టం దారి తెరిచింది. మూడేళ్లలోపే, 1915లో, కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు బందరులో వెలిసింది. దాని వెనక ముఖ్యుడు పట్టాభిగారే. చట్టం అందరికీ ఒకటే. దాన్ని తమ జిల్లా అవసరానికి అంత త్వరగా అతికించడంలోనే ఆయన చూపు తెలుస్తుంది.

సహకార బ్యాంకుతో అన్ని అవసరాలూ తీరవు. చిన్న వర్తకుడికి, మిల్లు పెట్టుకునేవాడికి, జీతంలో కొంత దాచుకునే గుమాస్తాకు మామూలు బ్యాంకు కావాలి. అయితే బ్యాంకు అన్న మాట వింటే జనం జంకే కాలమది. మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ 1906లో దివాలా తీసి ఎందరి పొదుపునో ముంచింది. ఆ తర్వాత కూడా దేశంలో చాలా బ్యాంకులు మూతపడ్డాయి. అలాంటప్పుడు 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు బందరులో రిజిస్టరై, అదే నెల 28న పని మొదలుపెట్టింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. ఆ లక్ష కన్నా పెద్ద పెట్టుబడి, తెలిసిన మనిషి అన్న నమ్మకం.

ఆయన అక్కడితో ఆగలేదు. బీమా ప్రీమియం డబ్బు పరాయి కంపెనీలకు పోతున్న రోజుల్లో 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. పాత బాకీలు తీర్చుకోవడానికి ఏడాది గడువు అప్పు చాలదు, దీర్ఘకాలపు అప్పు కావాలి కాబట్టి 1927లో వడ్లమన్నాడులో భూమి తనఖా బ్యాంకు వచ్చింది. భారతలక్ష్మీ బ్యాంకు 1929లో మొదలైంది. ఒక్కొక్కటీ ముందున్నది తీర్చలేని అవసరం కోసం పుట్టింది. ఈ సంస్థల ఉత్తరప్రత్యుత్తరాలు తెలుగులో సాగాలని ఆయన పట్టుబట్టారు. భాషాభిమానం సరే, అందులో వ్యాపార దృష్టి కూడా ఉందని నాకనిపిస్తుంది. తనకు వచ్చిన కాగితం చదువుకోగలిగిన రైతే ధైర్యంగా డబ్బు దాచుకుంటాడు.

ఇంకొక సంగతి నన్ను ఇంజనీరుగా ఆకట్టుకుంది. ఆయన 1930లోనూ 1932లోనూ జైలుకెళ్లారు. 1942 నుంచి సుమారు మూడేళ్లు అహ్మద్‌నగర్ కోటలో బందీగా ఉన్నారు. బ్యాంకు తలుపులు మాత్రం తెరిచే ఉన్నాయి. కట్టినవాడు పక్కన లేకపోయినా నిలిచేదే కట్టడం. ఆయన 1948లో కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు, తర్వాత మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు, 1959 డిసెంబరు 17న కన్నుమూశారు. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయి ఆ పేరు బోర్డుల మీంచి దిగింది. మనలో చాలామందికి మొదటి పాస్‌పుస్తకం అక్కడిదే కాబట్టి మనసు చివుక్కుమంది.

ఆయన అన్నీ పరిష్కరించారని చెప్పడం నా ఉద్దేశం కాదు. తనఖాకో పూచీకో ఆస్తి చూపగలిగినవాడికే ఈ బ్యాంకులు ఎక్కువగా అక్కరకొచ్చాయి. చెక్క భూమి లేని కూలీకి, కౌలుదారుకు షావుకారు గుమ్మమే మిగిలింది. ఇవాళ్టికీ మన ఊళ్లలో సాగుచేసేది ఒకరు, పాస్‌పుస్తకం ఇంకొకరిది. కౌలు రైతుకు బ్యాంకు అప్పు పుట్టడం గగనమే.

అందుకే ఏ వ్యాపారం పెట్టాలని అడిగే తమ్ముళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. పట్నంలో ఏం నడుస్తోందో చూసే ముందు, మన ఊళ్లో జనం ఏ పనికి రెండుసార్లు తిరుగుతున్నారో, దేనికి ఎక్కువ ధర చెల్లిస్తున్నారో, ఊరి డబ్బు ఏ దారిన బయటికి పోతోందో ఒక నెలరోజులు కాగితం మీద రాసుకోండి. అందులో కౌలు రైతు అప్పు సంగతి తప్పకుండా ఉంటుంది. నూరేళ్లు దాటినా ఆ కాలువ ఇంకా ఎవరూ పూర్తిగా తవ్వలేదు.