ఏనుగు దంతానికి బదులు వెతికిన ప్రింటర్

విశాఖ ఆటోనగర్‌లో ఏదైనా మోల్డింగ్ యూనిట్‌కి ఇంటర్వ్యూకి వెళితే, చేతిలో ఓ పార్టు పెట్టి దీన్ని ఏ ప్లాస్టిక్‌తో చేయాలని అడగొచ్చు. 150 ఏళ్ల క్రితం ఇదే చిక్కుతో కుస్తీ పట్టినవాడు జాన్ వెస్లీ హయాట్. ఇంజినీరింగ్ డిగ్రీ లేదు. చేసేది ప్రింటింగ్ పని.

1837లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. అప్పట్లో బిలియర్డ్స్ బంతులు ఏనుగు దంతంతో చేసేవారు. దానికి బదులు పదార్థం చూపిస్తే 10,000 డాలర్లు ఇస్తామని ఓ కంపెనీ ప్రకటించింది. హయాట్ రాత్రిళ్లూ ఆదివారాలూ ప్రయోగాల్లో పడ్డాడు. కొలోడియన్ పూత వేసిన బంతులు చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ వెలిగించిన చుట్ట తగిలితే భగ్గుమనేవి. గట్టిగా గుద్దుకుంటే టప్‌మని పేలేవి కూడా!

1870లో సోదరుడు ఐజయాతో కలిసి నైట్రోసెల్యులోజ్‌కి కర్పూరం చేర్చి, వేడీ ఒత్తిడీ పెట్టి సెల్యులాయిడ్ తయారుచేశాడు. దాంతో కట్టుడు పళ్ల ప్లేట్లు మొదలెట్టారు. నన్ను అడిగితే, హయాట్ కథలో మనకు పనికొచ్చే ఘట్టం ఇదే. బల్ల మీద ముచ్చటగా ఉన్న ప్లేటు నోట్లోకి వెళ్లాక కర్పూరం రుచి కొట్టేది. వేడికి మెత్తబడి వంకరపోయేది. అదే సెల్యులాయిడ్ దువ్వెనలకూ కాలర్లకూ భేషుగ్గా సరిపోయింది. 1872లో, వేడిచేసిన సెల్యులాయిడ్‌ని ప్లంజర్‌తో నెట్టే యంత్రానికి అన్నదమ్ములు పేటెంట్ తీసుకున్నారు. ఇంజెక్షన్ మోల్డింగ్ మెషీన్‌కి ముత్తాత అదే. ఇప్పుడు ప్లంజర్ స్థానంలో స్క్రూ తిరుగుతోంది, అంతే తేడా అనుకోండి.

పేర్లు మారాయి గానీ చిక్కు మారలేదు. నైలాన్ బలమైనదే, కానీ తేమ పీల్చి కొలత మారుతుంది. పైగా విశాఖది సముద్రపు గాలి. గుళికల్ని 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టకుండా హాపర్‌లో పోస్తే పార్టు మీద వెండి చారలు తేలతాయి, బలమూ తగ్గుతుంది. కొలత తేడా రాకూడని చిన్న గేరుకి అసిటాల్ నయం, అది తేమను చాలా తక్కువ పీలుస్తుంది. పాలీకార్బొనేట్ దెబ్బకి ఆగుతుంది, పెట్రోలు తగిలితే పగుళ్లిస్తుంది. ఏబీఎస్ 100 డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడుతుంది కాబట్టి ఇంజిన్ పక్కన గ్లాస్ ఫైబర్ కలిపిన నైలాన్ 66 వాడతారు. అందుకే ఇంటర్వ్యూలో ప్లాస్టిక్ పేరు చెప్పేముందు మీరే అడగండి: పార్టు ఉండే చోట వేడెంత, ఆయిల్ తగులుతుందా, ఎండలో ఉంటుందా?

హయాట్ అక్కడితో ఆగలేదు. నీటి ఫిల్టర్లు, చెరకు మిల్లు, రోలర్ బేరింగ్ దాకా వెళ్లాడు. 1914లో పెర్కిన్ మెడల్ అందుకుని, 1920లో కన్నుమూశాడు. టేబుల్ టెన్నిస్ బంతుల్లో మాత్రం సెల్యులాయిడ్ చాలాకాలం నిలిచింది. అంతర్జాతీయ పోటీల్లో దాన్ని మార్చడం 2014లో మొదలైంది. కారణాల్లో ఒకటి పాతదే, మంట భయం.