గలీనా రాయీ, బోస్ గారూ

మైక్రోవేవ్‌తో కరెంటు పంపే ప్రాజెక్టు ఎవరు చేసినా రెక్టిఫయర్ దగ్గరికొచ్చేసరికి తల పట్టుకోవాల్సిందే. మా బ్యాచ్ కూడా అంతే. అందిన పవర్ కొంచెమే అయితే డయోడ్ సరిగ్గా తెరుచుకోదు, ఎఫిషియెన్సీ పడిపోతుంది. అసలీ డయోడ్‌కి ముత్తాత ఎవరా అని వెతికితే దొరికింది జగదీశ్ చంద్ర బోస్. అవును, స్కూల్లో మొక్కల పాఠంలో చదివామే, ఆయనే!

1858లో మైమెన్‌సింగ్‌లో పుట్టారు. కేంబ్రిడ్జిలో లార్డ్ రేలీ దగ్గర చదివి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి చేరారు. అదే పనికి తెల్లవాళ్ళకి ఎక్కువ జీతం, ఈయనకి తక్కువ. ఉద్యోగం మానలేదు, పాఠాలూ ఆపలేదు. మూడేళ్ళు జీతం ముట్టుకోలేదంతే. ఇంట్లోనేమో తండ్రి అప్పులు. చివరికి బకాయిలతో సహా పూర్తి జీతం ఇచ్చారు.

హెర్ట్జ్ తరంగాలు పొడుగైనవి. బోస్ వాటిని 5 మిల్లీమీటర్ల దాకా తగ్గించారు, అంటే దాదాపు 60 గిగాహెర్ట్జ్. మన ల్యాబ్‌లో అంత జనరేటర్ లేదు! ఇక పోలరైజర్ ఏమిటో తెలుసా? పేజీల మధ్య రేకులు పెట్టిన రైల్వే టైంటేబుల్ పుస్తకం. మెలిపెట్టిన జనపనార కూడా వాడారు. 1895లో టౌన్‌హాల్‌లో గోడ అవతలి గంట మోగించి, మందుగుండు పేల్చి చూపించారు.

అప్పటి డిటెక్టర్‌లో ఇనపరజను ఉండేది. సిగ్నల్ వచ్చిన ప్రతిసారీ తట్టి కదపాలి. బోస్ గలీనా, అంటే సీసం ఖనిజం, తీసుకుని సన్నటి మొనలాంటి కాంటాక్టు పెట్టారు. కాంటాక్టు చిన్నదైతే కెపాసిటెన్స్ తక్కువ. హై ఫ్రీక్వెన్సీకి కావల్సింది అదే. మనం షాట్కీ డయోడ్ ఎంచుకునేటప్పుడు చూసేదీ అదే కదా.

పేటెంట్లంటే ఆయనకి పడదు. సారా బుల్ లాంటి స్నేహితులు పట్టుబడితే 1901లో అప్లై చేశారు. 1904లో అమెరికా పేటెంటు వచ్చింది. దాంతో ఒక్క రూపాయి సంపాదించకుండా గడువు తీరిపోనిచ్చారు. ఇక్కడ నాకు ఆయనతో పేచీ ఉంది. డబ్బు వద్దంటే సరే, హక్కు ఎందుకు వదలాలి? తర్వాత రేడియో చరిత్రలో ఆయన పేరు చాలాకాలం మూలన పడిపోయింది.

అయితే ఎక్కువ చేసి చెప్పకూడదు. ఆ గలీనా సిగ్నల్‌ని పసిగట్టింది, పవర్ ఇవ్వలేదు. డయోడ్లు గుదిగుచ్చిన యాంటెనాతో మైక్రోవేవ్ పుంజం మీద చిన్న హెలికాప్టర్‌ని ఎగరేసింది విలియం బ్రౌన్, 1964లో. బోస్ 1937లోనే గిరిడీలో కన్నుమూశారు, అప్పటికి మొక్కల పరిశోధనలోకి వెళ్ళి ముప్పై ఏళ్ళు దాటింది.