ఆండర్సన్ ఎన్నుకున్న తుపాకి

పలనాటి సీమలో ఎలుగుబంటి పేరు వినని పిల్లవాడుండడు. మాచర్ల, వెల్దుర్తి ప్రాంతాల మీదికి నల్లమల అడవి చేయి చాచినట్లు సాగివస్తుంది. అక్కడ ఇప్పపూత రాలే రోజులలో, రేగుపండ్లు మాగే రోజులలో చెట్ల క్రిందికి చేరే నల్లని మృగం అది. పురాణం దానిని జాంబవంతుని కులమంటుంది. తెల్లవారుజామున వంటచెరకుకు పోయే మనిషికి మాత్రం పులికంటె దానిని చూస్తేనే భయం. పులి మనిషి అలికిడి విని తప్పుకొంటుంది. ఎలుగుగొడ్డు చెవికి ఆ అలికిడి అందదు.

గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండల మీదుగా నంద్యాలకు పోయే రైలుమార్గం గిద్దలూరు దాటగానే ఈ నల్లమలనే చీల్చుకొని పోతుంది. దిగువమెట్ట, చెలమ, గాజులపల్లె అనే చిన్న స్టేషన్లు ఆ దారిలోనివి. మనలో చాలమంది కిటికీలోంచి చూచి మరచిపోయే ఈ పేర్లు వేటకథలు చదివే విదేశీయులకు సుపరిచితాలు. అందుకు కారకుడు కెన్నెత్ ఆండర్సన్. ఆ అడవిలో పులి వెంట తిరిగిన తన అనుభవాన్ని ఆయన 1959లో వెలువడిన ఒక గ్రంథంలో వివరంగా వ్రాశాడు.

ఆండర్సన్ పుట్టినది కూడా తెలుగుగడ్డ మీదనే. 1910 మార్చి 8వ తేదీన సికింద్రాబాదు చేరువలోని బొల్లారంలో ఆయన జన్మించాడు. పూర్వులు స్కాట్లండు వారు. ఆరు తరాలుగా భారతదేశంలో స్థిరపడిన కుటుంబం. తండ్రి సైనికుల జీతభత్యాల లెక్కలు చూచే కార్యాలయంలో అధికారి. చిన్న వేటలంటే తండ్రికి సరదా. కుమారుని చేతికి మొదట తుపాకి ఇచ్చినది ఆయనే. బెంగుళూరులో బిషప్ కాటన్ పాఠశాలలోను, సెంట్ జోసెఫ్ కళాశాలలోను చదువు ముగిసిన తర్వాత కెన్నెత్ తంతి తపాలా శాఖలో పదిహేనేళ్ళు పనిచేశాడు. అటుపిమ్మట బెంగుళూరు విమానాల కర్మాగారంలో పెద్ద ఉద్యోగానికి వచ్చాడు. అంటే ఆయన వేట వృత్తి కాదు. సెలవు దొరికిన రోజుల వ్యవహారం. పాత స్టూడిబేకరు మోటారు ఎక్కి అడవికి పోవడం, పని తెమిలినా తెమలకపోయినా సెలవు తీరేసరికి ఉద్యోగానికి మరలి రావడం. కన్నడం, తమిళం ధారాళంగా మాట్లాడేవాడు కనుక పల్లెజనంతో ఆయనకు దుబాసీ అవసరం ఉండేది కాదు.

అడవి చదువు చెప్పిన గురువు వేరొకడు. చిన్నార్ నది ఒడ్డున నివసించే బైరా అనే అడవిబిడ్డ ఆయనకు అడుగుజాడలు గుర్తుపట్టడం, గాలివాలు చూచుకోవడం, పక్షుల అరుపులలోని హెచ్చరిక గ్రహించడం నేర్పాడు. ఈ విద్య అబ్బిన తర్వాతనే తుపాకి విషయం ఆలోచించాలి. సామాన్యంగా వేటగాండ్రు దీనిని తలక్రిందులు చేస్తారు.

తుపాకుల కొలతలు విద్యార్థులకు కొంత తికమకగా కనిపిస్తాయి. పల్లెలలో పన్నెండు నంబరు అని పిలిచే తుపాకి కొలత ఒక రకం: దాని గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను తూగుతాయి. కనుక అక్కడ నంబరు తగ్గిన కొద్దీ గొట్టం పెద్దది. రైఫిలు కొలత అట్లా కాదు. .405 అంటే అంగుళాన్ని వేయి భాగాలు చేస్తే అందులో సుమారు నాలుగువందల అయిదు భాగాలు. ఇక్కడ అంకె పెరిగితే గుండు లావు పెరుగుతుంది. గుండు బరువును గ్రెయినులలో చెబుతారు. కొలత, బరువు, వేగం, ఈ మూడూ కలిసి చూడనిదే ఏ తుపాకి ఏ మృగానికి తగినదో తేలదు.

ఆ రోజులలో ఈ ఎంపిక వేటగాని ఇష్టం ఒక్కటే కాదు. ప్రభుత్వపు అనుమానం కూడా అందులో పాలుపంచుకొనేది. .303 సైన్యం వాడే కొలత కనుక సామాన్యులకు ఇవ్వరు. .450 కొలత పెద్ద మృగాలకు ఎంతో పేరుబడినది. కాని పాత సైనికుల తుపాకులకు పనికివచ్చే తూటాలు తిరుగుబాటుదారుల చేత పడతాయని జడిసి 1907 ప్రాంతంలో దానిని ఈ దేశంలోకి రానీయడం మానివేశారు. ఇంగ్లండులోని తుపాకుల తయారీదారులు ఊరుకుంటారా? .465, .470, .475 అంటూ కొత్త కొలతలు పుట్టించి అమ్ముకున్నారు. ఈ ఆంక్షలన్నీ లైసెన్సు గల దొరల సంగతి. 1878 నాటి ఆయుధాల చట్టం క్రింద పలనాటి రైతుకు కర్రా, గొడ్డలీ తప్ప వేరే ఆధారం లేదు. అడవిలో గొడ్లను మేపుకొన్నందుకు పుల్లరి కట్టవలసిన కాలమది. ఆ పుల్లరి పోరులోనే 1922లో కన్నెగంటి హనుమంతు పోలీసుల గుండ్లకు బలి అయినాడు. వేటకథలు చదివేటప్పుడు ఈ సంగతి పాఠకుని మనస్సులో ఒక మూల ఉండడం మంచిది.

ఆండర్సన్ ఎన్నుకున్నది అమెరికాలో తయారైన వించెస్టరు 1895 నమూనా రైఫిలు, .405 కొలత. ఆ తూటా 1904లో బజారుకు వచ్చింది. గుండు 300 గ్రెయినులు, అంటే మన తూనికలో తులమున్నర పైచిలుకు. సెకనుకు సుమారు 2,200 అడుగుల వేగం. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్టు 1909లో ఆఫ్రికా వేటకు ఇటువంటి రైఫిలే వెంట తీసుకుపోవడంతో దానికి ప్రఖ్యాతి కలిగింది. అయితే పేరును బట్టి తుపాకి కొన్నవారు తర్వాత విచారించడం కద్దు. .405లో లోపాలు లేకపోలేదు. భుజాన్ని గట్టిగా తన్నుతుంది. గుండు లావుగా, పొట్టిగా ఉండడం వల్ల రెండువందల గజాలు దాటితే దిగువకు వాలిపోతుంది. ఏనుగు కపాలం వంటి దట్టమైన ఎముకను ఛేదించడానికి దానికన్న మంచి తుపాకులున్నాయి. కొండ మీద నిలిచి ఎదుటి కొండ మీది జంతువును కొట్టదలచినవానికి అది పనికిరాదు.

కాని దక్షిణాది అడవులలో ఎదుటి కొండ కనిపిస్తే గదా! వెదురు పొదలు, తుప్పలు. చూపు ఇరవై ముప్పై గజాలకు మించి పారదు. పైగా రాత్రివేళ, రైఫిలుకు బిగించిన టార్చిదీపపు వెలుతురులో గురి చూడాలి. అక్కడ కావలసినది దూరం పోయే గుండు కాదు, తగిలినచోటనే మృగాన్ని కూలవేసే గుండు. రెండవ అవసరం మరింత ముఖ్యం. ఆ రైఫిలు మీట క్రిందికి లాగి పైకి నొక్కగానే కొత్త తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. పెట్టెలో నాలుగు తూటాలుంటాయి. గాయపడి పొదలోకి దూరిన మృగాన్ని వెదకబోయేవాడు ఆ నాలుగు తూటాలను ప్రాణంతో సమానంగా లెక్కించుకుంటాడు. తోటి వేటగాండ్రు ఖరీదైన జంటగొట్టాల రైఫిళ్ళకు పోతున్నా ఆండర్సన్ ఈ పాత రైఫిలునే ఏళ్ళ తరబడి వాడాడు. 1940 నాటికి ఆ నమూనా తయారీ ఆగిపోయినా ఆయన దానిని వదలలేదు. చేతికి అలవాటైన తుపాకి చీకటిలో కూడ భుజానికి సరిగ్గా చేరుతుంది. ఇది కొలతల పట్టికలో కనిపించని గుణం.

ఎలుగుబంటి విషయంలో ఈ వివేకం ఇంకా అవసరం. హిమాలయాలలో ఉండే గోధుమరంగు భల్లూకం వేరు, మనది వేరు. అలాస్కాలోని గోధుమరంగు ఎలుగులు నాలుగైదు వందల కిలోలు తూగుతాయి, వాటికి.375 మాగ్నం వంటి బలిష్ఠమైన తూటా కావాలంటారు. మన నల్లఎలుగు మగది నూటనలభై కిలోలకు మించడం అరుదు. ఈ లెక్క చూచి చిన్న తుపాకి చాలుననుకున్నవాడు పొరపడినట్లే. భుజాల మీద జూలువలె పెరిగిన రోమాల వల్ల దాని ఆకారం ఉన్నదానికంటె పెద్దదిగా కనిపిస్తుంది. గురి వెంట్రుకలలోకి పోయి ఒంటికి తగలకపోవచ్చు. నల్లని దేహం చీకటిలో కలిసిపోతుంది. కంటికి ఆనేది రొమ్ము మీది తెల్లని గుర్తు ఒక్కటే, అదీ ఎదురుగా లేచి నిలిచినప్పుడు. అప్పటికి మనిషికీ దానికీ నడుమ కొద్ది గజాలే మిగులుతాయి. వాసన తప్ప చూపూ వినికిడీ మందం కనుక అది మనిషి దగ్గరపడేదాకా ఎరుగదు. ఎరిగిన క్షణంలో బెదిరి మీద పడుతుంది. చెదపుట్టలు తవ్వడానికి ప్రకృతి ఇచ్చిన నాలుగంగుళాల గోళ్ళు అప్పుడు మనిషి ముఖాన్ని వెతుక్కుంటాయి.

మైసూరు రాష్ట్రంలో అరసికెరె సమీపాన అటువంటిది ఒకటి బయలుదేరింది. పన్నెండు మందికి తక్కువ కాకుండా చంపింది. కన్ను పోయినవారు, ముక్కు పోయినవారు మరెందరో. అక్కడ కొండపాదాన ఉన్న ఒక దర్గా ముజావరు ఆండర్సన్‌కు చిరకాల మిత్రుడు. అతని కుమారుడు ఒక రాత్రి ఇంటి వెలుపలికి వచ్చి, మేడిపండ్ల కోసం వచ్చిన ఆ ఎలుగుకు చీకటిలో ఎదురుపడి ప్రాణం కోల్పోయాడు. కబురు అందగానే ఆండర్సన్ .405 తీసుకొని బయలుదేరాడు. ఒక్క ప్రయాణంతో అది చిక్కలేదు. కాపు వేసిన రాత్రులు వ్యర్థమైనాయి. సెలవు ముగిసి మరలవలసి వచ్చింది. ఈలోగా మళ్ళీ మనుషులు గాయపడ్డారు. చివరకు రాత్రివేళ టార్చి వెలుగులో, బహు సమీపం నుంచి దానిని కూల్చాడు. 1957లో వెలువడిన పుస్తకంలో ఈ ఉదంతం ఉన్నది. పగబట్టిన దయ్యంగా జనం చెప్పుకున్న ఆ జంతువును ఆయన అట్లా చూడలేదు. మనుషుల వల్లనే ఏనాడో గాయపడి ఉంటుందని ఊహించాడు.

ఇటువంటివాడు ఎలుగుపిల్లను పెంచాడంటే వింతగా తోచవచ్చు. మైసూరు దగ్గర చెరకుతోటలలో నడుస్తున్నప్పుడు ఒక ఎలుగు ఎండలోకి వచ్చింది. అకారణంగా ఎలుగును కొట్టడం ఆండర్సన్‌కు ఇష్టం లేదు. కాని వెంట ఉన్నవారిలో ఒకరు తుపాకి పేల్చారు. పడిపోయిన తల్లి వీపు మీద పసిపిల్ల కరచుకొని ఉన్నది. ఆ పిల్లను పట్టుకొని ఇంటికి తెచ్చి ఆయన భార్యకు ఇచ్చాడు. బ్రూనో అని పేరు పెట్టారు. తరువాత బాబా అయినది. పెట్టినదల్లా తిన్నది. ఎలుకల కోసం ఉంచిన విషం తిని పక్షవాతం వచ్చి, పశువైద్యుని సూదిమందుతో బ్రతికింది. మరొకసారి మోటారు ఇంజను నుంచి తీసిన పాత నూనె ఒక గాలను త్రాగి అరాయించుకున్నది. పెద్దదయిన తర్వాత గత్యంతరం లేక మైసూరు జంతుప్రదర్శనశాలకు పంపారు. అక్కడ అది, ఇక్కడ ఆమె, ఇద్దరూ తిండి మానుకున్నారు. మూడు నెలల తరువాత ఆమె చూడబోతే బోను కమ్ముల వెనుక నుంచే గుర్తుపట్టి తలక్రిందులుగా నిలిచింది. అధికారులను బ్రతిమాలి తిరిగి తెచ్చుకొని, పెరటిలో చుట్టూ అగడ్త త్రవ్వి, నడుమ దానికొక దీవి కట్టించారు. ఈ కథ ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి తొమ్మిదవ తరగతి ఆంగ్ల పాఠ్యపుస్తకంలో పాఠమై, ఎందరో ఉపాధ్యాయుల చేత తరగతి గదులలో వినిపించబడింది. పాఠం చెప్పినప్పుడు తల్లిని కొట్టిన తుపాకి గురించి కూడా ఒక ప్రశ్న వేయదగును.

1939 నుంచి 1966 వరకు ప్రభుత్వపు లెక్కల ప్రకారం ఆండర్సన్ కూల్చిన నరభక్షకాలు ఎనిమిది చిరుతలు, ఏడు పులులు. వయస్సు మళ్ళిన కొద్దీ తుపాకి పక్కన పెట్టి కెమెరా పట్టుకున్నాడు. అడవులు తరిగిపోతున్నాయని, మృగాలను కాపాడాలని వ్రాయసాగాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఎలుగుబంటిని వేటాడడం నేడు నేరం; ఏ కొలత తుపాకి తగినదన్న ప్రశ్నకు ఈ దేశంలో ఇక చోటు లేదు. మాచర్ల పొలిమేర అడవులు 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలోను, 1983లో పులుల సంరక్షణ పథకంలోను చేరాయి. అక్కడ ఎలుగులు నేటికీ చెదపుట్టలు తవ్వుకొంటున్నాయి.

ఆండర్సన్ ఈ మార్పులో తొలి అడుగు మాత్రమే చూచాడు. 1974 ఆగస్టు 30న బెంగుళూరులో కాన్సరు వ్యాధితో మరణించాడు. ఆయన చిట్టచివరి గ్రంథం, పాత అడవుల జ్ఞాపకాలు, రెండేళ్ళ తర్వాత 1976లో అచ్చయినది.