భాషాశాస్త్ర విద్యార్థిగా గిడుగు రామమూర్తి పంతులు

ఢిల్లీ విశ్వవిద్యాలయంలోను, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలోను నేడు భాషాశాస్త్రం ఒక స్వతంత్రశాస్త్రంగా బోధింపబడుతున్నది. ధ్వనులను గుర్తించి లిఖించడం, తెలియని భాషను దాని వక్త నోటినుండి విని వ్యాకరణం నిర్మించడం ఆ శాస్త్రాభ్యాసంలో ముఖ్యాంశాలు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు చదువుకొన్న కాలంలో మద్రాసు రాజధానిలోని బి.ఎ. విద్యార్థికి ఇటువంటి పాఠ్యక్రమం లేదు. వ్యావహారికభాషోద్యమ నాయకులుగా ఆంధ్రులకందరికీ పరిచితులైన ఆయన ఈ శాస్త్రాన్ని ఏ విధంగా సాధించారో గమనింపదగి ఉన్నది.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రసమీపంలో, వంశధారాతీరాన ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, విజయనగరంలో విద్యాభ్యాసం సాగించారు. అక్కడ గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరి, ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి పట్టభద్రులయ్యారు.

పర్లాకిమిడి పరిసరాల కొండలు సవరల నివాసభూములు. వారి భాష తెలుగువలె ద్రావిడం కాదు. ముండా శాఖకు చెందినది. అప్పటికి దానికి లిపి లేదు. సమగ్రమైన వ్యాకరణం గాని నిఘంటువు గాని లేదు. తెలుగు తెలిసిన ఒక సవరను తమ ఇంట ఉంచుకొని, ఆయన ఆ భాషను మాటమాటగా నేర్చుకొన్నారు. పిదప సవర గ్రామాలకు స్వయంగా వెళ్లి విషయసేకరణ చేశారు. తెలుగు లిపిలో సవర వాచకాలు రచించారు. సొంత ఖర్చుతో సవర బాలురకు పాఠశాలలు నడిపారు. కంఠద్వారాన్ని క్షణకాలం బంధించి పలికే ధ్వని వంటివి ఆ భాషలో ఉన్నాయి. వాటికి తెలుగులో అక్షరాలు లేవు. కనుక పాశ్చాత్యుల ధ్వనిశాస్త్ర గ్రంథాలు తెప్పించుకొని, గురువు లేకుండానే వాటిని పరిశీలించారు.

ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. మన్యంలో మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైను వినికిడిని హరించింది. ధ్వనుల సూక్ష్మభేదాలను వినడమే వృత్తిగా చేసుకొన్న పండితునికి ఇంతకంటె గొప్ప నష్టం ఊహింపలేము. అయినా పని ఆగలేదు. 1911లో ఉద్యోగ విరమణ చేసిన తరువాత సవర పరిశోధనతోపాటు వ్యావహారికభాషోద్యమాన్ని కూడా నడిపారు. 1919లో ‘తెలుగు’ పత్రికను స్థాపించారు. రెండింటికీ మూలసూత్రం ఒక్కటే: భాషకు ప్రమాణం దానిని మాట్లాడే జనుల వాడుక.

1931లో సవర వ్యాకరణ గ్రంథం, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు వెలువడ్డాయి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, అర్ధశతాబ్దానికి పైగా తమకు నివాసమైన ఊరును విడిచి ఆయన రాజమహేంద్రవరం చేరారు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో ప్రకటితమైంది. 1940 జనవరి 22న ఆయన పరమపదించారు.

సవర క్రియలో నామం లీనమై ఒకే పదంగా ఏర్పడే తీరు పదనిర్మాణ శాస్త్రంలో ప్రసిద్ధమైన విషయం. ఆ చర్చకు రామమూర్తిగారి వ్యాకరణంలోని ఉదాహరణలు నేటికీ ఆధారంగా ఉన్నాయి. భాషాశాస్త్రంలో ఏ పట్టమూ లేని ఉపాధ్యాయుని గ్రంథాన్ని ఆ శాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ ఆశ్రయింపవలసి ఉన్నది.