మహమ్మారి రోజుల్లో భాగ్యరెడ్డి వర్మ

రోలుగుంట మండలంలో అర్ల పంచాయతీ ఉంది. దాని కొండల మీద లోసింగి లాంటి ఆదివాసీ గూడేలున్నాయి. ఆ గూడేల పేర్లు పత్రికల్లోకి ఎక్కింది డోలీ మోతలతోనే. గర్భిణికి నొప్పులొస్తే కర్రకు దుప్పటి కట్టి, భుజాన వేసుకుని, రాళ్ల దారిలో కిందికి దిగుతారు. ఆ వీడియోలు కింద ఊళ్లలో ఫోన్లలో తిరుగుతాయి. చూసినవాళ్లలో కొందరు జాలిపడతారు. కొందరు మాత్రం విచిత్రంగా మురిసిపోతారు. ఏమీ లేకపోయినా వాళ్లలో మానవత్వం బతికుందని, కార్లూ ఏసీలూ వచ్చాక మనమే రాయిలా మారిపోయామని అంటారు. మోసేవాళ్లు మాత్రం ఆ మెప్పు అడగలేదు. డోలీలు పట్టుకునే నిరసన చేసి రోడ్డు అడిగారు. ఇవి షెడ్యూల్డ్ ప్రాంతంలో చేరని గూడేలు కావడంతో ఐదో షెడ్యూల్ రక్షణా వాళ్లకు లేదు.

సుఖం పెరిగితే దయ తగ్గుతుందన్న మాట మా పేటలో పెద్దవాళ్ల నోటా వింటుంటాం. 2020లో ఆ మాట నిజమేననిపించింది. ఆ జూన్‌లో పలాసలో రోడ్డు మీద కుప్పకూలి చనిపోయిన మనిషికి కరోనా ఉందని తేలగానే శవాన్ని జేసీబీ తొట్టెలో వేసి తరలించారు. రోలుగుంట జనానికి దగ్గరి పెద్దాసుపత్రి నర్సీపట్నంలో ఉంది. అక్కడి మత్తు వైద్యుడు, దళితుడు డాక్టర్ సుధాకర్ ఏప్రిల్‌లో మాస్కులు చాలడం లేదని బహిరంగంగా చెప్పి సస్పెండయ్యారు. మేలో విశాఖ రోడ్డు మీద ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టిన దృశ్యం దేశమంతా చూసింది. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఏడాది తిరిగేసరికి, 2021 మేలో, ఆయన లేరు.

ఇదంతా చూశాక పాతకాలమే నయమనిపించడం సహజం. కానీ ఏ పాతకాలం? ఎవరికి నయం? ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే మాకు భాగ్యరెడ్డి వర్మ ఎదురయ్యారు. ఆయన చూసిన పాతకాలంలో ప్లేగు ఉంది, కలరా ఉంది, 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా ఉంది. దయ మాత్రం వాడ పొలిమేర దాకా వచ్చి ఆగిపోయేది.

ఆయన 1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తండ్రి మాదరి వెంకయ్య, తల్లి రంగమాంబ. పెట్టిన పేరు భాగయ్య. ఈ నేలకు ఒకప్పుడు మీ పూర్వీకులే ఏలికలనీ, రేడు అన్న మాటలోంచే రెడ్డి వచ్చిందనీ చెప్పి ఇంటి గురువు ఆ పేరును భాగ్యరెడ్డిగా మార్చారట. ఆ వ్యుత్పత్తి సరైనదా కాదా అన్నది భాషాశాస్త్రజ్ఞులు చూసుకోవాలి. ఒక అంటరాని ఇంటి పిల్లవాడి చెవిలో ఆ మాట పడటమే ఇక్కడ ముఖ్యం. తండ్రి చిన్నతనంలోనే పోయారు. ఇల్లు గడవని పరిస్థితుల్లో కుర్రవాడు డోస్ శాంటోస్ అనే బారిస్టరు ఇంట్లో పనికి కుదిరాడు.

ఈ ఘట్టాన్ని జీవిత చరిత్రలు రెండు వాక్యాల్లో దాటేస్తుంటాయి. మాకు మాత్రం ఇక్కడ కాసేపు ఆగాలనిపించింది. సుఖమంటే ఏమిటో ఆయన లోపలి నుంచి చూసింది ఆ ఇంట్లోనే. దొరల ఇంట్లో శుభ్రమైన బల్ల, వేళకు భోజనం, దీపం కింద పుస్తకం, పొద్దున్నే పత్రిక. వీటన్నిటి వెనకా ఎవరో ఒకరి చేతులు పనిచేస్తాయని ఆ పని చేసే కుర్రాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా సుఖం పాపమన్న నిర్ణయానికి ఆయన రాలేదు. ఆ ఇంట్లో చదువుకునే వీలు దొరికింది, దాన్ని వదలకుండా పట్టుకున్నారు. అదే దీపం, అదే పుస్తకం తన వాడకూ కావాలనుకున్నారు.

1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, జగన్మిత్ర మండలి పెట్టారు. చదువు లేని జనానికి కరపత్రాలు ఏం చేరతాయి? అందుకే హరికథలు, భజనలు, కథా కాలక్షేపాల ద్వారా మాట చేరవేశారు. రెండేళ్లకు, 1908 సెప్టెంబర్ 28న, మూసీ పొంగి వేలమందిని మింగింది. నది పక్కన ఎవరు కాపురముంటారో, ఎత్తు మీద ఎవరుంటారో హైదరాబాద్ తెలిసినవాళ్లకు వివరించక్కర్లేదు. ఆ వరద చూసిన తరం ఆయనది. 1910లో ఇసామియా బజారు, లింగంపల్లిల్లో వాడ పిల్లల కోసం బడులు మొదలుపెట్టారు. 1911లో మండలి మాన్య సంఘంగా మారింది. రాజభాష ఉర్దూగా ఉన్న రాజ్యంలో ఆయన బడులు తెలుగులో చెప్పాయి. అవి పెరిగి పెరిగి 26 అయ్యాయి, చివరికి 1930లలో ప్రభుత్వం వాటిని తీసుకుంది.

సంఘం యువకులతో ఆయన స్వస్తిక్ దళ్ అనే సేవాదళం కట్టారు. ఈ పేరు చూసి ఇప్పటి పాఠకులు ఉలిక్కిపడొద్దు. ఆ గుర్తుకు హిట్లర్ తెచ్చిన అర్థం అప్పటికి మన బస్తీలకు చేరలేదు. ప్లేగు, కలరా, ఇన్‌ఫ్లూయెంజా వచ్చినప్పుడు దళం కుర్రాళ్లు బస్తీల్లోకి వెళ్లి రోగులకు సాయపడ్డారు, దిక్కులేని శవాలకు అంత్యక్రియలు చేశారు.

ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని గమనించకపోతే కథ మొత్తం తప్పుగా అర్థమవుతుంది. మన సమాజంలో చావు కబురు మోయడం, పశువు కళేబరం తీయడం, కాటికాపరి పని వాడలకే అప్పజెప్పిన చాకిరీ. అంటే శవాన్ని ముట్టుకోవడం వాళ్లకు కొత్త కాదు. కొత్తదనం మరో చోట ఉంది. ఆ పనిని ఇంతకాలం పుట్టుక పేరుతో, ఒక పూట గింజలకు చేయించారు. దళం కుర్రాళ్లు ఎవరి ఆజ్ఞా లేకుండా, ఒక సంఘం సభ్యులుగా, తాము కోరుకుని చేశారు. పని చూస్తే ఒకటే, చేసే మనిషి మాత్రం తల ఎత్తుకుని ఉన్నాడు. మోత వేరు, సేవ వేరు అని మాకు తెలిసివచ్చింది ఇక్కడే.

అందుకే పూర్వం మానవత్వం ఉండేదన్న మాట విన్నప్పుడు మాకు అనుమానం వస్తుంది. మైలపడతామని వాడకు దూరంగా జరిగిన మనుషులకు ఫ్రిజ్‌లూ ఏసీలూ ఎక్కడివి? గుడ్డి దీపం వెలుగులో, ఎడ్లబండి రోజుల్లోనే అంత కచ్చితంగా ఎడం పాటించారు. 1918లో ఇన్‌ఫ్లూయెంజా మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. దానికి ఒక్క ఏడాది ముందు, 1917 నవంబర్‌లో, బెజవాడలో ప్రథమ ఆంధ్రదేశ పంచమ మహాసభ జరిగింది. అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మే. సభ జరిగినన్ని రోజులు కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. పంచములన్న పేరు మాకొద్దని ఆ సభలోనే ఆది ఆంధ్రులని ప్రకటించుకున్నారు. మా ఎస్సీ జాబితాలో ఆ పేరు ఇవాళ్టికీ ఉంది. రోలుగుంటలో కుల ధ్రువీకరణ పత్రం కోసం వరుసలో నిలబడే పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు ఏ సభలో పుట్టిందో తెలుసు?

వర్మ అన్న బిరుదు 1913లో ఆర్యసమాజం ఇచ్చింది. ఆ ప్రభావం ఆయన మీద కనిపిస్తుంది. కల్లు, సారా మానమన్నారు. దేవదాసీ, జోగినీ దురాచారాల మీద పోరాడారు. పెళ్లిళ్లలో అప్పుచేసి ఖర్చు పెట్టొద్దన్నారు. బస్తీ తగాదాలు బస్తీలోనే తీర్చుకునేందుకు పంచాయతీలు పెట్టారు. ఇదంతా పైకులాల మెప్పు కోసం చేసిన సంస్కరణ అని విమర్శించేవాళ్లున్నారు. అందులో కొంత నిజం ఉంది, ఆ బిరుదులోనే ఉంది. కానీ తర్వాతి అడుగులు చూడాలి. 1922లో ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్. 1930లో అలహాబాద్‌లో అఖిల భారత ఆది హిందూ సభకు అధ్యక్షత. 1931 జనగణనలో నిజాం రాజ్యంలో ఆది హిందువులన్న నమోదు. అదే ఏడు భాగ్యనగర్ పత్రిక. వీటిలో అడిగింది దయ కాదు, లెక్కలో చోటు. బుద్ధ జయంతి జరపడం కూడా ఆయన అంబేడ్కర్ దీక్షకు ఎన్నో ఏళ్ల ముందే మొదలుపెట్టారు. అరిగె రామస్వామి వర్గంతో విభేదాలు, మాల మాదిగల మధ్య తెగని దూరం ఆ ఉద్యమాన్ని బలహీనపరిచాయి. ఆ లోటును దాచిపెట్టి ఆయనకు దండ వేయడం మాకు ఇష్టం లేదు.

కష్టానికి అలవాటు పడ్డవాళ్లు కాబట్టి దేన్నైనా తట్టుకుంటారని మన గురించి చెప్పే పొగడ్తను ఆయన జీవితం ఒప్పుకోదు. తట్టుకోవడమే గొప్పయితే బడులెందుకు పెట్టినట్టు? ప్లేగు బస్తీకి ముందొచ్చేది అక్కడ మురుగు, ఇరుకు ఉన్నందువల్ల. ఆ ఇరుకు పోవాలన్నదే ఆయన పోరు. అర్ల కొండ మీద అడుగుతున్న రోడ్డూ అలాంటిదే.

అయితే పెద్దవాళ్ల మాటను పూర్తిగా కొట్టిపారేయలేకపోతున్నాం. దానికి కారణం మనమే. 1956 మార్చిలో ఆగ్రాలో అంబేడ్కర్ బాధపడింది పైకులాల గురించి మాత్రమే కాదు. చదువుకుని ఉద్యోగాలు పొందిన తన వాళ్లే వెనక్కి తిరిగి చూడడం లేదని కూడా. భాగ్యరెడ్డి వర్మకు దొరికిన సుఖం ఒక దీపం, కొన్ని పుస్తకాలు. దాంతో 26 బడులు, ఒక దళం కట్టారు. మనకు అంతకు పదింతలు దొరికింది. మన బాధను మోసే పని ఇంకెవరికో అప్పజెప్పగలిగే స్తోమత వచ్చినప్పుడు మనిషి మారతాడు. ఒకప్పుడు ఆ స్తోమత కులం ఇచ్చింది, ఇప్పుడు జీతమూ కొంత ఇస్తోంది.

1939 ఫిబ్రవరి 18న, యాభై ఏళ్ల వయసులో, ఆయన కన్నుమూశారు.

2020 లాక్‌డౌన్‌లో మా పేట కుర్రాళ్లు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. ఎవరింట్లో బియ్యం లేవో, ఎవరికి మాత్రలు కావాలో అందులో రాసుకునేవాళ్లం. నర్సీపట్నం వెళ్లే బండి ఎవరిదో కూడా అందులోనే తేలేది. తర్వాత ఒక్కొక్కరికీ ఉద్యోగాలొచ్చాయి, విశాఖకో హైదరాబాద్‌కో వెళ్లారు. గ్రూపు ఇంకా ఉంది. మొన్న మే 22న భాగ్యరెడ్డి వర్మ ఫొటో పెడితే వరసగా దండం బొమ్మలు వచ్చాయి. అంతకు ముందు ఎవరో డోలీ వీడియో పెట్టినప్పుడూ అవే దండం బొమ్మలు వచ్చాయి. వాటిలో ఒకటి మేం పెట్టిందే.