క్రీడాగురువు రహీం సాబ్

వేసవి సెలవులు వచ్చాయంటే నూజివీడు పరిసరాలలోని మామిడితోటలు పిల్లల కేరింతలతో మారుమోగుతాయి. వాలిన కొమ్మలపై కోతికొమ్మచ్చి, చెట్ల నడుమ ఖాళీ జాగాలో బిళ్ళంగోడు, ఊరి చివరి బీడులో బంతాట సాగుతుంటాయి. ఆ ఆటలకు ప్రవేశ రుసుము లేదు. కాలికి బూట్లు అక్కరలేదు. కాని అదే బాలుడు ఆటలో రాణించి పట్టణానికి, అక్కడినుండి రాష్ట్రస్థాయికి ఎదగాలని ఆశించినప్పుడు ఒక్కొక్క అడ్డంకి ఎదురవుతుంది. బూట్లు కావాలి. మైదానం చేరడానికి దారిఖర్చు కావాలి. మెలకువలు నేర్పే గురువు కావాలి. ఆటను నమ్ముకొన్నవాని ఇంట పొయ్యి వెలగడానికి జీవనోపాధి కావాలి. ప్రతిభ పుట్టుకతో వస్తుంది. దానికి అవకాశం మాత్రం తోటివారు కల్పిస్తేనే వస్తుంది. ఈ సత్యాన్ని గుర్తించి, జీవితమంతా ఆచరణలో చూపిన గురువు హైదరాబాదు నగరానికి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. క్రీడాలోకం ఆయనను గౌరవంతో రహీం సాబ్ అని పిలుచుకొంది.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే రోజులలోనే ఫుట్‌బాల్ ఆటగాడిగా పేరు తెచ్చుకొన్నాడు. ఆ విశ్వవిద్యాలయపు పూర్వ విద్యార్థులు, విద్యార్థులు కలిసి ఏర్పరచుకొన్న ఎలెవన్ హంటర్స్ జట్టులో ఆడాడు. చదువు ముగిశాక ఉపాధ్యాయ వృత్తిని చేపట్టి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలలలో పనిచేశాడు. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది పిల్లల ఆటపాటల బాధ్యతను కూడా స్వీకరించాడు. తరువాతి కాలంలో దేశానికే శిక్షకుడైనప్పటికీ ఆయన మూలంలో బడిపంతులే. వెనుక బెంచీలో కూర్చొన్న విద్యార్థిని సైతం పాఠంలోకి తీసుకొనిరావాలన్న ఉపాధ్యాయుని తపన ఆయన మైదానంలోనూ కనబడేది.

1940ల తొలినాళ్ళలో రహీం హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. మరణించే వరకు ఆ బాధ్యతను నిర్వహించాడు. ఒక ఆట వేళ్ళూనుకోవాలంటే ఒక్క మనిషి శ్రమ చాలదు. బడులు పిల్లలను పంపాలి. స్థానిక జట్లు వారిని చేర్చుకోవాలి. సంఘం పోటీలు జరపాలి. ఏదో ఒక సంస్థ ఆటగాళ్ళకు ఉద్యోగం ఇవ్వాలి. ఈ నాలుగింటికీ రహీం అనుసంధానకర్త అయ్యాడు. 1950లో ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యాడు. పోలీసు శాఖలో కొలువు దొరకడం పేద కుటుంబాల యువకులకు గొప్ప ఆసరా. నెల జీతం ఇంటికి చేరుతుంటే ఆటను మధ్యలో విడిచిపెట్టవలసిన అగత్యం ఉండదు. ఆ జట్టు 1950లో డ్యూరాండ్ కప్పును గెలుచుకొంది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును సాధించి దేశాన్ని ఆశ్చర్యపరచింది.

ఆట నేర్పడంలో రహీం అనుసరించిన పద్ధతి విశిష్టమైనది. ఆనాటి ఆటగాళ్ళలో పలువురికి బంతిని తమ కాళ్ళ మధ్యనే ఉంచుకొని, ఎదుటివారిని ఒక్కొక్కరినే తప్పించుకొంటూ పోవడమంటే మక్కువ. ప్రేక్షకుల చప్పట్లూ దానికే దక్కేవి. రహీం ఈ ధోరణిని ప్రోత్సహించలేదు. బంతిని అలా వెంట నడిపించుకొని పోవడాన్ని నిషేధిస్తూ ప్రత్యేకమైన పోటీలు నిర్వహించాడు. బంతి అందుకొన్నవాడు వెంటనే మరొకరికి అందించవలసిందే. అలాగే బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను కూడా ఏర్పాటు చేశాడు. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితోనే ఆడాలి.

ఈ నియమాలు పైకి వింతగా తోచినా వాటి ఫలితం లోతైనది. బంతి ఒకరి సొత్తు కానప్పుడు అది పదకొండుమందికీ చేరుతుంది. బలమైనవాడు, దూకుడు గలవాడు మాత్రమే కాక, బిడియస్థుడైన కుర్రవాడు కూడా ఆటలో భాగస్వామి అవుతాడు. అందరూ తమ బలహీనతతోనే బరిలోకి దిగినప్పుడు కొత్తగా నేర్చుకొంటున్నవానికీ ఆరితేరినవానికీ మధ్య దూరం తగ్గుతుంది. సమానావకాశం అనే భావనను ఆట నియమంగానే మలచిన ఘనత రహీంది.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో రహీం శిక్షణ పొందిన భారత జట్టు తుదిపోటీలో ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించి స్వర్ణపతకం గెలుచుకొంది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం ఘోర పరాజయం ఎదురయింది. యుగోస్లావియా చేతిలో భారత్ 1-10 తేడాతో ఓడిపోయింది. చలిదేశపు మైదానంలో మన ఆటగాళ్ళు పలువురు బూట్లు లేకుండానే ఆడారు. ఆ ఓటమి తరువాత బూట్లు ధరించడం తప్పనిసరి అయింది. ఆట ప్రమాణాల దృష్ట్యా ఈ నిబంధన సమంజసమే. కాని పూట గడవని ఇంటి పిల్లవానికి అదే దాటరాని గోడ అయ్యే ప్రమాదం ఉంది.

ఆ గోడను దాటి వచ్చినవాడే తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు శివారులోని అమ్ముగూడలో, ఒక నిరుపేద తమిళ కుటుంబంలో పుట్టిన బలరాంకు ఆటే ప్రాణం. కొత్త బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పారవేసిన పాత బూట్ల తోలుతో కుట్టించుకొన్న జోడు తొడుక్కొని ఆడేవాడు. 1950ల మధ్యకాలంలో రహీం దృష్టి అతనిపై పడింది. నగరానికి వచ్చి శిక్షణ పొందవలసిందిగా ఆహ్వానించాడు. అమ్ముగూడనుండి రోజూ వచ్చిపోవడానికి కావలసిన డబ్బు ఆ కుర్రవాని వద్ద లేదు. ఈ సంగతి తెలిసిన రహీం సైకిలు అద్దెకు తీసుకోవడానికి రోజుకొక రూపాయి తన జేబునుండే ఇచ్చే ఏర్పాటు చేశాడు. ఉపాధ్యాయునిగా జీవితం గడిపిన మనిషికి అది చిన్న మొత్తమేమీ కాదు. ఆ రూపాయే లేకుంటే భారతదేశం తన అత్యుత్తమ ఆటగాళ్ళలో ఒకనిని చూసి ఉండేది కాదు. బలరాం హైదరాబాదు జట్టులో చేరాడు. ఆ జట్టు 1956-57, 1957-58 సంవత్సరాలలో సంతోష్ ట్రోఫీని గెలుచుకొంది. అతడు రెండు ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడి, 1962లో అర్జున పురస్కారాన్ని పొందాడు.

బలరాం ఒక్కడే కాదు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, యూసుఫ్ ఖాన్ వంటి హైదరాబాదు ఆటగాళ్ళు రహీం హయాంలో ఒలింపిక్ క్రీడాకారులయ్యారు. భాష, మతం వేరైనా వారందరినీ కలిపినది ఒకే శిక్షణ, ఒకే బంతి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ దశకు చేరిన తొలి ఆసియా దేశం భారతదేశమే. చివరకు నాలుగవ స్థానం లభించింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బలమైన ఫ్రాన్స్ జట్టును 1-1తో నిలువరించింది.

రహీం జీవితంలో చివరి ఘట్టం 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయనను లోలోపల దహించివేస్తున్నది. తొలిపోటీలో భారత్ దక్షిణ కొరియా చేతిలో ఓడిపోయింది. పైగా ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ప్రవేశం నిరాకరించడాన్ని భారతీయ క్రీడాధికారి గురుదత్ సోంధీ ఆక్షేపించడంతో అక్కడి జనాగ్రహం మన ఆటగాళ్ళపైకి మళ్ళింది. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరంనుండి లేచి వచ్చాడు. జర్నయిల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. రక్షణస్థానంలో ఆడవలసిన అతనిని రహీం సాహసించి దాడివరుసలో నిలిపాడు. సెప్టెంబరు 4న జరిగిన తుదిపోటీలో, క్రిక్కిరిసిన ప్రేక్షకులు అడుగడుగునా ఎగతాళి చేస్తుండగా, పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నయిల్ సింగ్ మరొక గోలు సాధించారు. తొలిపోటీలో తమను ఓడించిన దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి భారత జట్టు స్వర్ణం గెలుచుకొంది. తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11న, రహీం కన్నుమూశాడు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మరొక స్వర్ణం దక్కలేదు.

శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో ప్రారంభమయ్యే నాటికి ఆయన గతించి ఇరవైరెండేళ్ళయింది. 2024లో ఆయన జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చలనచిత్రం వెలువడిన తరువాత గాని ఈ తరంలో చాలామందికి ఆయన పేరు తెలియలేదు. అయితే ఆయన ప్రారంభించిన పని ఇంకా ముగియలేదు. ఆ కాలపు మైదానాలు దాదాపు బాలురకే పరిమితం. దేశంలో మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడినది 1975లోనే. ప్రతి పాఠశాలకూ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. కాని స్థలం ఒక్కటే చాలదు. అక్కడికి రాలేకపోతున్న బాలుడెవరు, బాలిక ఎవరు, ఎందుకు రాలేకపోతున్నారు అని గమనించే కన్ను కూడా కావాలి.

మామిడి అంటు నాటిన రైతు కాపు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తాడు. నీరు అన్ని పాదులకూ అందిందా లేదా అని సాయంవేళ తోటంతా కలయదిరుగుతాడు. రహీం తన ఆటగాళ్ళ విషయంలో చేసినదీ అదే. అమ్ముగూడ కుర్రవాని చేతిలో పెట్టిన ఆ రోజువారీ రూపాయి, ఎండిన పాదుకు మళ్ళించిన నీటికాలువ వంటిది. దాని ఫలాన్ని దేశమంతా అనుభవించింది.