మహలఖా బాయి చందా

ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి 1768లో జన్మించింది. తల్లి రాజ్ కన్వర్. సంగీత నాట్యాలు, గుర్రపుస్వారీ నేర్చి, నిజాం అలీఖాన్ దర్బారులో గౌరవమూ జాగీర్లూ పొందింది.

‘నేను వచ్చాను’ అని తెలుగులో స్త్రీ అన్నా, పురుషుడన్నా క్రియ ఒకటే. ఉర్దూలో అలా కాదు. క్రియను బట్టే పలికేది ఎవరో తెలిసిపోతుంది. అయితే ఆనాటి గజల్‌లో ప్రేమించేవారికీ, ప్రేమ పొందేవారికీ కూడా పుంలింగమే వాడేవారు. స్త్రీ గొంతుతో సాగే ‘రేఖ్తీ’ అనే కవిత్వం లేకపోలేదు. విచిత్రమేమంటే, దానిని రాసినవారు ఎక్కువగా పురుషులే!

మహలఖా కూడా ఆ కట్టుబాటుకు లోబడి పురుషుని గొంతుతోనే గజళ్ళు చెప్పింది. గజల్ చివర నిలిపిన ‘చందా’ అనే కలంపేరు మాత్రం ఆమెది. 1799లో తన గజళ్ళ ప్రతిని ఆంగ్ల అధికారి మాల్కమ్‌కు బహూకరించింది. 1824లో మరణించింది. మౌలాలి గుట్ట దిగువన, తల్లి సమాధి దగ్గరే ఆమె సమాధి ఉంది.